వారసులు లేని సంఘము



అమెరికా అంతర్యుద్ధము ముగిసిన మరుసటి యేడు, 1866లో, ఉత్తరపక్షపు యోధులు ‘గ్రాండ్ ఆర్మీ ఆఫ్ ది రిపబ్లిక్’ అను సంఘమును స్థాపించిరి. 1890 నాటికి సభ్యులు నాలుగు లక్షలు దాటిరి. కాని ఆ యుద్ధమున పాల్గొన్నవారికే అందు ప్రవేశము. 1956లో కడపటి సభ్యుడు ఆల్బర్ట్ ఊల్సన్ కన్నుమూయగా సంఘమే అంతరించినది.

మొదటి ప్రపంచయుద్ధ యోధులు 1919లో స్థాపించిన ‘అమెరికన్ లీజన్’ వేరుదారి పట్టెను. రెండవ యుద్ధము సాగుచుండగనే, 1942లో, ఆ యుద్ధపు యువయోధులకును తలుపు తెరచెను. అది నేటికిని నిలిచియున్నది.

అయినను తలుపు తెరచుట మాత్రమే చాలదు. చందా పుచ్చుకొని వెనుకబల్లపై కూర్చుండబెట్టిన యువకుడు మరల రాడు. పద్దు అతనిచే వ్రాయింపవలెను. బీరువా తాళము అతని చేతికీయవలెను. పాతికేండ్లు నిండిన మన గ్రంథాలయ కార్యవర్గమున నేడే రెండు స్థానములు యువకులకు విడువవలెనని పెద్దలకు నా మనవి.