నొక్కే వేలు మనది, రూలు రాసే చెయ్యి ఎవరిది?

(హుజూరాబాద్‌లో దళిత యువజనుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఈ సభకు పిలిచేటప్పుడు తమ్ముళ్లు మా చేతిల ఒక చీటి పెట్టిండ్రు. దాని మీద మూడే మాటలు: రాజకీయాలు, సినిమాలు, గేములు. వీటి మీద మీ అభిప్రాయాలు చెప్పాలె అన్నరు. మొదటి మాటకు పెద్దమనుషులు తలూపిండ్రు. రెండో మాటకు సరేలే అన్నరు. మూడో మాటకు నవ్విండ్రు, పంతుళ్లకు గేములతో ఏం పని అని. మాకు నవ్వు రాలే. మా ముందట బెంచీ మీద కూసునే పిల్లగాడు రాత్రి పన్నెండు దాకా దేంట్లో మునిగి ఉంటడో, అది పంతుళ్లకు పనికిరాని సంగతి ఎట్లయితది?

మూడింటినీ పక్కపక్కన పెట్టి చూసినం. ఓటు మిషన్ మీద మీట నొక్కేది మన వేలు. సినిమాకు టికెట్ కొనేది మన వేలు. ఫోన్ మీద ఆట ఆడేది మన వేలు. వేలు మనదే గని, ఎవరు గెలవాలె, ఎవరు ఓడాలె, ఎవరికెంత దక్కాలె అనే రూలు రాసే చెయ్యి వేరే. ఈ దినం మేము చెప్పదలచుకున్నది ఇదే ఒక్క ముచ్చట.

శాలపల్లి చెప్పిన పాఠం

రాజకీయాల గురించి ఢిల్లీ దాకా పోనవసరం లేదు. మన హుజూరాబాద్ మండలం శాలపల్లి - ఇందిరానగర్ చాలు. 2018 మే 10న రైతుబంధు మొదలుపెట్టింది అక్కడ్నే. ఎకరానికి పంటకు నాలుగు వేలు. ఎన్ని ఎకరాలున్నా సరే, పరిమితి లేదు. పట్టా పాసుబుక్కు ఉన్నోనికే పైసలు. కౌలుకు దున్నేటోనికి లేదు, కూలికి పోయేటోనికి లేదు. మన వాడల్ల పట్టా పాసుబుక్కులు ఎన్నున్నయో మీకు తెలుసు. పదెకరాలున్నోనికి నలభై వేలు, ఎకరమున్నోనికి నాలుగు వేలు, ఏమీ లేనోనికి చప్పట్లు కొట్టే పని. ఆ రూలు రాసిన చేతికి భూమి ఎవరి దగ్గరున్నదో తెల్వదా? తెలిసే రాసింది.

మూడేండ్లు గడిచినయి. 2021 జూన్‌ల మన ఎమ్మెల్యే రాజీనామా చేసిండు. ఉప ఎన్నిక రాబోతున్నది. 2021 ఆగస్టు 16న అదే శాలపల్లిల దళితబంధు సభ. ఇంటికి పది లక్షలు, తిరిగి కట్టే పని లేదు, బ్యాంకు పూచీ లేదు. పథకం చెడ్డదని మేము అనం. బ్యాంకు గడప కాడ నిలబెట్టి పంపిన జాతికి పూచీకత్తు లేకుండ పది లక్షలు అందుడు అనేది చిన్న మాట కాదు. ట్రాక్టరు కొన్నోడు, దుకాణం పెట్టుకున్నోడు, డెయిరీ పెట్టుకున్నోడు మన మధ్యల ఉన్నరు. వాళ్ల ముఖంల కనబడ్డ ధైర్యం నిజం.

కాని మేము అడిగేది వేరే. 2014ల మూడెకరాల భూమి అన్న మాట ఏమాయె? తెలంగాణకు మొదటి ముఖ్యమంత్రి దళితుడే అన్న మాట ఏమాయె? ఏడేండ్లు యాదికి రాని దళితుడు ఉప ఎన్నిక ముందట ఎందుకు యాదికొచ్చిండు? అక్టోబర్ 18న ఎన్నికల సంఘం పథకాన్ని పోలింగ్ అయ్యేదాకా ఆపింది. 30న పోలింగ్ జరిగింది. నూటికి 86 మందికి పైగా ఓటేసినం. ఓటుకు కవరు రాలేదని కొన్ని ఊర్లల్ల జనం రోడ్డెక్కినట్టు అప్పట్ల టీవీలల్ల చూసినం. నవంబర్ 2న ఈటల రాజేందర్ బీజేపీ నుంచి 23,855 ఓట్ల తేడాతో గెలిచిండు. పథకం పెట్టిన పార్టీ ఓడింది. పైసలిచ్చినా ఓటెయ్యలే, కృతజ్ఞత లేదు అని కొందరు మనల తిట్టిండ్రు. ఏం మాట ఇది? రైతుబంధు తీసుకున్న భూస్వామిని ఎవడన్న కృతజ్ఞత అడిగిండా? భూమి ఉన్నోనికి ఇస్తే సాయం, మనకిస్తే బిచ్చమా?

ఆ తర్వాతి కథ ఇంకా తమాషా. 2023 ఆగస్టుల చేవెళ్ల సభల కాంగ్రెస్ పది కాదు పన్నెండు లక్షలు అన్నది. డిసెంబర్‌ల ప్రభుత్వం మారింది. 2024ల మన హుజూరాబాద్ చౌరస్తల దళితబంధు రెండో విడత సొమ్ము కోసం ధర్నా చేయవలసి వచ్చింది. బీజేపీ సంగతి సరేసరి. 2019ల 103వ రాజ్యాంగ సవరణతో అగ్రకులాల పేదలకు పది శాతం రిజర్వేషన్ తెచ్చింది. ఏటా ఎనిమిది లక్షల లోపు ఆదాయం ఉంటే పేదోడే. ఎంత పేదరికం ఉన్నా ఎస్సీ, ఎస్టీ, బీసీ అయితే అందుల చోటు లేదు. ధర్నా లేదు, లాఠీ లేదు, వారం తిరగకముందే పార్లమెంటుల పాసైంది. రూలు రాసే చెయ్యి తన ఇంటోళ్లకు రాసుకుంటే ఎంత జల్ది రాసుకుంటదో చూసిండ్రా?

ఇగ దీని పక్కన వర్గీకరణను పెట్టి చూడుండ్రి. 1994ల ప్రకాశం జిల్లా ఈదుముడిల దండోర మొదలైంది. 2000ల చట్టమైంది, 2004ల సుప్రీంకోర్టు కొట్టేసింది. మళ్ల ఇరవై ఏండ్లు. 2024 ఆగస్టు 1న ఏడుగురు జడ్జీల ధర్మాసనం వర్గీకరణ చేసుకోవచ్చన్నది. 2025 ఏప్రిల్ 14న తెలంగాణల చట్టం అమలుకొచ్చింది. 59 కులాలు మూడు గుంపులైనయి, ఒకటి, తొమ్మిది, అయిదు శాతాలు వచ్చినయి. ఈ అంకెల మీద మాల మాదిగ అన్నదమ్ములకు వాదముండొచ్చు. కూసోని మాట్లాడుకోవాలె, పగవాళ్ల లెక్క కొట్లాడుకోవద్దు. మేము చూపెట్టేది ఒక్కటే: డప్పు కొట్టిన చెయ్యే ముప్పై ఏండ్లకు రూలు రాయించింది. ఇది ఏ ఉప ఎన్నికల దయ కాదు. అందుకే ఏ ప్రభుత్వం మారినా దీన్ని జీవో చింపినట్టు చింపలేరు.

పథకానికి, హక్కుకు తేడా అక్కడున్నది. ఎస్సీ ఎస్టీ ఉపప్రణాళికకు 2013ల చట్టం వచ్చింది. 2017ల తెలంగాణల ప్రత్యేక అభివృద్ధి నిధి చట్టమైంది. ఆ ఏడు ఖర్చు పెట్టని సొమ్మును తర్వాతి ఏడుకు కలపాలని అందుల రాసి ఉన్నది. దళితబంధు పేరు మన వాడల అందరికి తెలుసు, ఈ చట్టం పేరు ఎందరికి తెలుసు? తెలియకుండ ఉంచుడే వాళ్ల రాజకీయం.

తెర మీద భీముడు, జోడేఘాట్ భీముడు

సినిమాలకు వద్దాం. 2022 మార్చిల ఆర్‌ఆర్‌ఆర్ వచ్చింది. మన ఆదిలాబాద్ అడవి బిడ్డ కొమురం భీం పేరు ప్రపంచమంత వినబడ్డది. ఆస్కార్ వచ్చిన పాట రాసిన చంద్రబోస్ మనకు దగ్గరి చల్లగరిగె మనిషి. సంతోషమే. చప్పట్లు మేమూ కొట్టినం.

కాని ఆ సినిమా చివర ఏమైతది? నీకేం కావాలె అని రాముడు అడుగుతడు. చదువు కావాలె అని భీముడంటడు. చూసినోళ్లు కండ్లల్ల నీళ్లు పెట్టుకున్నరు. పంతుళ్లం గద, మాకు అక్కడ్నే గుచ్చుకున్నది. బలం భీమునిది, బుద్ధి రామునిది. ఒకడు పులితో కొట్లాడాలె, ఒకడు అక్షరం దానం చెయ్యాలె. ఇది కొత్త కథనా? ద్రోణుడు, ఏకలవ్యుడు నాటి నుంచి ఇదే పంపకం. ఈసారి బొటనవేలు అడగలే, అంతే తేడా.

జోడేఘాట్ భీం వేరే. బతుకుదెరువుకు చంద్రాపూర్ దిక్కు పోయి, ఒక ప్రెస్సుల పనిచేసుకుంట చదవడం రాయడం నేర్చుకున్నడని, అస్సాం తేయాకు తోటల దాకా పోయి వచ్చిండని ఆయన జీవితం రాసినోళ్లు చెప్తరు. ఆయన కొట్లాడింది నిజాం సర్కారుతో, జంగ్లాతోళ్లతో. అడిగింది పన్నెండు గూడేలకు సొంత పాలన. అంటే ఆయన అడిగిందే రూలు రాసే హక్కు. 1940ల చంపిండ్రు. ఆ పోరాటం తర్వాతనే నిజాం సర్కారు హైమండార్ఫ్ అనే పండితుణ్ణి గూడేలకు పంపింది. అటెనుక మార్లవాయిల గోండు పిల్లలకు గోండి భాషల బడి, గోండు పంతుళ్లకు శిక్షణ వచ్చినయి. ఆ గూడేలకు అక్షరం దోస్తు దానం చేస్తే రాలే. నెత్తురు కారినంక వచ్చింది. మన దగ్గరి అల్లం రాజయ్య, సాహు కలిసి 1983లనే భీం మీద నవల రాసిండ్రు. అల్లాణి శ్రీధర్ తీసిన కొమురం భీం సినిమా 1990ల తయారైతే, థియేటర్‌కు వచ్చేసరికి 2010 అయింది. నిజం చెప్పిన బొమ్మకు ఇరవై ఏండ్ల లైను, కల్పించిన బొమ్మకు వేల తెరలు.

2023 మార్చిల బలగం వచ్చింది. సిరిసిల్ల దిక్కు తీసిన సినిమా, మన మాట, మన పిట్టకు పెట్టుడు. ఊర్లల్ల తెర కట్టి అందరు కూసోని చూసిండ్రు, విడిపోయిన అన్నదమ్ములు కలిసిండ్రని విన్నం. మంచిదే. ఆఖరి పాటకు ఊరంత ఏడ్చింది. ఆ పాట పాడినోళ్లు వరంగల్ దిక్కు దుగ్గొండి మొగిలయ్య, కొమురమ్మ. బుడిగ జంగాల దంపతులు. మొగిలయ్య 2024 డిసెంబర్‌ల జబ్బుతో కన్నుమూసిండు. కథల ఏడ్చే కుటుంబం వేరేటోళ్లది, ఏడిపించే గొంతు మనది. పాడి పక్కకు జరిగే పాత్ర మనది. ఆ బుడిగ జంగాల బతుకే కథ అయితే, వాళ్లింట్ల చావైతే ఎవరు వచ్చి పాడాలె? 2025 చట్టంల బుడిగ జంగాలు మొదటి గుంపుల ఉన్నరు. అంటే అందరికన్న వెనుకబడ్డోళ్లని సర్కారే ఒప్పుకున్నది. సినిమావోళ్లు ఎప్పుడు ఒప్పుకుంటరో చూడాలె.

అదే నెల చివర దసరా వచ్చింది, సింగరేణి బొగ్గు ఊరి కథ. బార్ గడప కాడ కులం అడ్డం నిలబడ్డట్టు చూపెట్టిండ్రు. తెలుగు సినిమా అంత దాకా వచ్చుడే గొప్ప. కాని గడప కాడ కులాన్ని చూపెట్టి, ఆఖరికి ఒక్క హీరో కత్తికి తీర్పు అప్పజెప్పిండ్రు. సింగరేణిల హక్కులు ఒక్క కత్తితో వచ్చినయా? సంఘాలు, సమ్మెలు, జైళ్లతోని వచ్చినయి. హీరో ఒక్కడే ఊరిని బాగుచేస్తడని నమ్మినోడు, నాయకుడు ఒక్కడే బతుకు బాగుచేస్తడని గూడ నమ్ముతడు. సినిమాకు, ఉప ఎన్నికకు చుట్టరికం అదే.

ఆటల కులం లేదు, మరి ఆడించేటోళ్లల్ల?

ఇగ పెద్దమనుషులు నవ్విన సంగతి. ఫోన్ ముట్టొద్దు, చెడిపోతవ్ అని చెప్పుడు అలక. ఆ పిల్లగాడు ఎందుకు ముట్టుతున్నడో అడిగినోళ్లు తక్కువ. మేము అడిగినం. ఒకడు చెప్పిన మాట ఇది: సార్, అండ్ల అందరు విమానంల నుంచి ఖాళీ చేతులతోనే దుంకుతరు.

జర ఆగి ఆలోచించుండ్రి. పబ్‌జీ అనుండ్రి, దాని స్థానంల వచ్చిన బీజీఎంఐ అనుండ్రి. నూరు మంది ఒక దీవి మీద దిగుతరు. ఎవని తాతకు భూమి లేదు, ఎవని నాయనకు గడీ లేదు. అందరు సున్నా నుంచే మొదలు. పేరు గూడ ఎవనికి వాడు పెట్టుకున్నదే. ఏ వాడ, ఎవరి కొడుకువు అని అడిగేటోడు లేడు. ఊర్ల ఎన్నడూ దొరకని సమానత్వం అరచేతిల దొరుకుతుంటే పిల్లగాడు దాన్ని ఎందుకు విడుస్తడు? ఆ ఆకలిని తిట్టొద్దు, అర్థం చేసుకోవాలె. కాని అదే ఆటల మైకు ఆన్ చేస్తే, ఓడినోడు తిట్టే తిట్టు కులం పేరే అయితది. దీవి మీదికి దుంకినోడు ఖాళీ చేతులతో దుంకిండు గని నోట్ల ఊరిని పెట్టుకొని దుంకిండు.

ఆ ఆట రూలు ఎక్కడ రాస్తరు? కొరియా కంపెనీల. 2020 సెప్టెంబర్‌ల ఢిల్లీ సర్కారు పబ్‌జీని బంద్ పెట్టింది. 2021ల వేరే పేరుతో వచ్చింది, 2022ల ఆగింది, 2023ల మళ్ల వచ్చింది. బంద్ పెట్టేటోళ్లు వాళ్లే, తెరిచేటోళ్లు వాళ్లే. ఆడే పిల్లగాణ్ణి అడిగినోడు లేడు.

ఇది వట్టి ఆట. అసలు విషం పైసలాట. ఆన్‌లైన్ రమ్మీని తెలంగాణ 2017లనే నిషేధించింది. అయినా బెట్టింగ్ యాప్‌లు దొంగదారిన వాడకు వచ్చినయి. ఎవరు తోలుకొచ్చిండ్రు? మనం పాలాభిషేకం చేసే తెర మీది బొమ్మలు! 2025 మార్చిల హైదరాబాద్ పోలీసులు పలువురు సినిమా నటుల మీద, యూట్యూబ్‌లల్ల పేరున్నోళ్ల మీద బెట్టింగ్ యాప్‌ల ప్రచారం కేసులు పెట్టిండ్రు. ఆగస్టుల పార్లమెంటు పైసలాటలను దేశమంత నిషేధిస్తూ చట్టం చేసింది. నడిపేటోనికి మూడేండ్ల దాకా జైలు, కోటి దాకా జుర్మానా. ఆడినోడు నేరస్తుడు కాదు. ఇది గుర్తుపెట్టుకోవాలె. అప్పుల పడ్డ పిల్లగాడు భయంతోని నోరు మూసుకొని పురుగుల మందు దిక్కు చూస్తడు. వాణ్ణి దొంగ లెక్క చూడొద్దు. పక్కన కూసోని లెక్క అడగాలె, పోలీసుల దగ్గరికి తోడు పోవాలె.

ఆ యాప్ ఎట్ల పనిచేస్తదో పిల్లలకు మేము బోర్డు మీద చెప్తం. మొదట నూరు పెడితే రెండు నూర్లు వస్తయి. అది గెలుపు కాదు, ఎర. దీర్ఘంగా ఆడితే నడిపేటోడే గెలిచేటట్టు లెక్క ముందే కట్టి ఉంటది. ఈ ముచ్చట చెప్తుంటే ఒక ఆడపిల్ల అన్నది, దొర దగ్గర మా తాత చేసిన అప్పు గూడ గట్లనే ఉండె సార్ అని. వడ్డీ లెక్క దొర పుస్తకంల, వేలిముద్ర తాతది. వెట్టిచాకిరి పుస్తకం పోయి ఫోన్‌ల కొచ్చింది. వేలు మాత్రం ఇప్పటికీ మనదే.

ఏం చెయ్యాలె?

ఉపన్యాసం విని లేచిపోతే లాభం లేదు. మూడు పనులు చెప్తున్నం.

ఒకటి. వాడకు ఇద్దరు చదువుకున్నోళ్లు సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు పెట్టుండ్రి. ప్రత్యేక అభివృద్ధి నిధిల మన మండలానికి ఎంత వచ్చింది, దేనికి ఖర్చైంది, మిగిలింది ఎటు పోయింది అని అడుగుండ్రి. దళితబంధు రెండో విడత ఎందుకు ఆగిందో గూడ అందుల్నే అడుగుండ్రి. ఊరి స్థాయిల ఫీజు లేదు, మండలంల అయిదు రూపాయలు, ఆ పైన పది. ముప్పై రోజుల్ల జవాబియ్యాలె. ఒక్కడు అడిగితే బెదిరిస్తరు, నలభై వాడలు అడిగితే లెక్క తీస్తరు.

రెండు. సినిమా చూసినంక ఇంటికి పోయి పండుకోవద్దు. అంబేడ్కర్ సంఘం గద్దె మీద గంట కూసోవాలె. అండ్ల మనం ఎక్కడున్నం, ఏం పని చేస్తున్నం, ఎవరు రక్షిస్తున్నరు అని మూడు ప్రశ్నలు వేసుకోవాలె. దాన్నే కాగితం మీద రాసి ఇట్లాంటి పత్రికలకు పంపుండ్రి. అచ్చు తప్పులకు భయపడొద్దు, దిద్దడానికి మేమున్నం.

మూడు. పైసలు పెట్టే ఆట వాడల ఒక్క ఫోన్‌ల గూడ ఉండొద్దు. వట్టి ఆట ఆడే పిల్లగాళ్లను పట్టుకొని ఆట ఎట్ల తయారైతదో నేర్పే దారి చూపాలె. మేము పనిచేసిన ఒక బడిల కంప్యూటర్లు వచ్చినయి గని పాడైతయని గదికి తాళమేసిండ్రు. మూడేండ్లు పిల్లలు కిటికీ నుంచే చూసిండ్రు. మీ ఊరి బడిల అసొంటి తాళముంటే తల్లిదండ్రులు పోయి తీయించాలె. ఆట రూలు గూడ అక్షరాలతోనే రాస్తరు. ఆ అక్షరాలు మన పిల్లలకు రావాలె.

ఈ దేశంల అన్నిటికన్న పెద్ద రూలు పుస్తకం రాజ్యాంగం. దాని ముసాయిదా కమిటీకి అధ్యక్షుడైనోడు బడిల గోనెపట్టా మీద దూరంగ కూసున్న పిల్లగాడు. నీళ్లకుండ ముట్టనియ్యని చేతికి దేశం కలం అప్పజెప్పవలసి వచ్చింది. ఆ చెయ్యి మనది. మీట నొక్కే పనికే దాన్ని పరిమితం చెయ్యనియ్యొద్దు.

జై భీమ్!