మంచం పక్కన నేర్చుకునే చదువు

(సమాఖ్య వార్షిక మహాసభలో ఒక నర్సింగ్ టీచర్ చేసిన ప్రసంగం)



"మేడం, దీర్ఘకాలం జబ్బులున్న వాళ్లను చూసుకోవడానికి నర్సులకిచ్చే శిక్షణ గురించి, దాని మీద జరిగే పరిశోధనల గురించి మాట్లాడండి" అని నన్ను అడిగారు. నర్సుల ట్రైనింగుతో మన సంఘాలకేం పని అని మీలో కొందరికి అనిపించొచ్చు. పని ఉందక్కా. అప్పు దేనికని రాసేచోట "పాడి ఆవు" అని రాస్తాం. ఆ డబ్బులో కొంత ఆవుకు పోతుంది, కొంత మామగారి పక్షవాతానికి, అత్తగారి షుగరు పుండుకు పోతుంది. ఈ సంగతి నాకంటే మీకే బాగా తెలుసు. జబ్బును ముందుగా పట్టుకుని, సరిగ్గా చూసుకుంటే ఆ ఖర్చులో కొంతైనా మిగులుతుంది. మనిషి కూడా మిగులుతుంది.

జ్వరం వస్తే వారంలో పోతుంది. షుగరు, బీపీ, కిడ్నీ జబ్బు, పక్షవాతం, ఆయాసం అట్లా పోయేవి కావు. వాటితో ఏళ్ల తరబడి బతకాలి. ఇలాంటి రోగి నెలకొకసారి ఆసుపత్రికి వచ్చాడనుకోండి. ఏడాదికి 12 రోజులు. మిగతా 353 రోజులు ఎవరు చూస్తారు? మీరే చూస్తారు. కాబట్టి నర్సుకు వచ్చిన చదువు మీ దాకా చేరకపోతే ఆ చదువు సగం వృథా అయినట్టే.

ఇది మన ప్రాంతానికి కొత్త సంగతి కాదు. మదనపల్లె పక్కనే ఆరోగ్యవరం ఉంది కదా. 1912లో మొదలైన క్షయ శానిటోరియం అది. డెన్మార్క్ నుంచి వచ్చిన డాక్టర్ ఫ్రిమోడ్ మోలర్ దానికి మొదటి పెద్ద. అప్పటికి క్షయకు మందు లేదు. మంచి గాలి, పాలు, గుడ్లు, విశ్రాంతి, ఇవే వైద్యం. రోగి నెలల తరబడి మంచం మీదే ఉండేవాడు. డాక్టరు చేయగలిగింది తక్కువ కాబట్టి, అన్నం పెట్టి, జ్వరం చూసి, ధైర్యం చెప్పే నర్సు మీదే భారమంతా ఉండేది.

తర్వాత మందులొచ్చాయి. అప్పుడొక ప్రశ్న వచ్చింది. ఇంతమంది రోగులకు శానిటోరియంలో మంచాలు ఎక్కడున్నాయి, ఇంట్లోనే ఉంచి మందులిస్తే నయమవుతుందా అని. 1956లో మద్రాసులో క్షయ చికిత్సా కేంద్రం పెట్టి, ఈ ప్రశ్న మీదే పరిశోధన చేశారు. 193 మంది పేద రోగులను రెండు జట్లు చేశారు. ఒక జట్టు శానిటోరియంలో, ఇంకో జట్టు వాళ్ల ఇళ్లలోనే. అందరికీ అవే మందులు, ఏడాది పాటు. ఇంట్లో ఉన్నవాళ్లకు తిండి తక్కువ, విశ్రాంతి తక్కువ, ఇళ్లు ఇరుకు. అయినా 1959లో ఫలితాలు చూస్తే, రెండు జట్లకూ దాదాపు ఒకేలా నయమైంది. రోగి ఇంట్లో ఉన్నందువల్ల ఇంటివాళ్లకు జబ్బు ఎక్కువగా అంటలేదని కూడా తేలింది. దాంతో ఎన్నో దేశాల్లో క్షయ వైద్యం తీరే మారిపోయింది.

అయితే ఒక మాట మరిచిపోకూడదు. ఆ రోగులను ఇంటికి పంపి ఊరుకోలేదు. శిక్షణ పొందిన హెల్త్ విజిటర్లు ఇళ్లకు వెళ్లేవాళ్లు. చెప్పకుండా వెళ్లి మాత్రలు లెక్కపెట్టేవాళ్లు. మూత్రం పరీక్ష చేసి మందు మింగారో లేదో చూసేవాళ్లు. ఇల్లు ఆసుపత్రి కావాలంటే, తెలిసిన మనిషి మళ్లీ మళ్లీ ఆ గడప తొక్కాలి.

ఇక శిక్షణ సంగతి. మన నర్సింగ్ కాలేజీల్లో పెద్ద చదువులు చదివే పిల్లలు చేసే పరిశోధనలు చాలావరకు ఇలా ఉంటాయి. ముందు స్టాఫ్ నర్సులకు ఒక ప్రశ్నాపత్రం ఇస్తారు. తర్వాత పాఠం చెప్తారు. వారం, పది రోజులాగి అదే ప్రశ్నాపత్రం మళ్లీ ఇస్తారు. మార్కులు పెరుగుతాయి. పాఠం పనిచేసిందని రాస్తారు. తప్పేం లేదు, నేనూ అట్లాంటివి చేయించాను. కానీ మార్కులు పెరిగితే సరిపోతుందా? పాఠం విన్న నర్సు మూడు నెలల తర్వాత కూడా మంచం మీది రోగిని రెండు గంటలకొకసారి పక్కకు తిప్పుతోందా? అది కదా చూడాల్సింది. తెలియడం వేరు, చేయడం వేరు.

ఈ తేడా నాకు పుస్తకంలో తెలియలేదు. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో, పుంగనూరు వైపు పల్లె నుంచి ఒక పెద్దామె షుగరుతో మా వార్డులో చేరింది. ఇంటికి పంపే రోజు ఆమెను కూర్చోబెట్టి, "అవ్వా, రోజూ అరికాళ్లు చూసుకో, పుండు కనిపిస్తే వెంటనే రా" అని చెప్పాను. తలూపింది. చెప్పినట్టు కాగితంలో టిక్కు కూడా పెట్టాను. రెండు నెలలకు మళ్లీ వచ్చింది. కాలి బొటనవేలు నల్లబడి ఉంది. వేలు తీసేయాల్సి వచ్చింది. "అవ్వా, చూసుకోమన్నాను కదా" అంటే ఆమె అన్న మాట ఇప్పటికీ నా చెవుల్లో ఉంది. "నా కండ్లు మసకలు తల్లీ, వంగితే నడుం పట్టేస్తుంది. ఎట్లా చూసుకునేది?"

ఆ రోజు కోడలు వరండాలోనే కూర్చుని ఉంది. చెప్పాల్సింది ఆమెకు. నేను చెప్పలేదు. తప్పు అవ్వది కాదు, నాది.

అప్పటినుంచి నా దగ్గర చదివే పిల్లలకు మూడు సంగతులు గట్టిగా చెప్తాను. ఒకటి, ఇంట్లో చూసుకునే మనిషి ఎవరో కనుక్కుని వాళ్లకే నేర్పాలి. రెండు, "అర్థమైందా" అని అడగొద్దు, అందరూ అయిందనే అంటారు. "ఇంటికి పోయి ఏం చేస్తారో మీ మాటల్లో చెప్పండి, ఒకసారి చేసి చూపించండి" అనాలి. మూడు, నెల తర్వాత మళ్లీ చూడాలి. ఇదే పద్ధతి మీరూ అడిగి చేయించుకోండి. ఆసుపత్రి నుంచి వచ్చేటప్పుడు, "సిస్టరమ్మా, నేను చేసి చూపిస్తాను, తప్పుంటే దిద్దు" అనండి. అడగడం మీ హక్కు.

ఇప్పుడు ఇంటి పని కొంచెం చెప్తాను, చేతులు ఖాళీగా పోవద్దు.

మంచాన పడ్డ మనిషిని రెండు గంటలకొకసారి పక్కకు తిప్పాలి. నడుం కింద, తుంటి దగ్గర, మడమల దగ్గర రోజూ చూడాలి. ఎర్రబడిన చోట వేలితో నొక్కి తీస్తే ఎరుపు పోకుండా అట్లే ఉంటే, పుండు మొదలవుతున్నట్టు. అక్కడ రుద్దకూడదు, బరువు పడకుండా చూసి ఏఎన్ఎంకు చెప్పాలి.

షుగరున్న వాళ్ల కాళ్లు రాత్రి పడుకునే ముందు ఇంకొకరు చూడాలి, వేళ్ల సందులతో సహా. చెప్పుల్లేకుండా టమాటా తోటలోకి, పశువుల కొట్టంలోకి పోకూడదు. తిమ్మిరి ఉన్న కాలికి ముల్లు గుచ్చుకున్నా తెలియదు. మందు వేసుకుని అన్నం ఆలస్యమైతే చెమటలు, వణుకు వస్తాయి. మనిషి తెలివిలో ఉంటే మూడు చెంచాల చక్కెర నీళ్లలో కలిపి తాగించండి. తెలివి లేకపోతే నోట్లో ఏమీ పోయొద్దు, 108కు ఫోన్ చేయండి.

బీపీ నార్మల్‌కు వచ్చిందని మాత్ర మానొద్దు. మాత్ర వేసుకుంటున్నందుకే అది నార్మల్‌లో ఉంది. 30 ఏళ్లు దాటిన ప్రతి ఒక్కరూ ఊళ్లోని హెల్త్ క్లినిక్‌లో బీపీ, షుగరు చూపించుకోండి. రెండు వారాలు దాటిన దగ్గుంటే తెమడ పరీక్ష చేయించండి, డబ్బు పని లేదు. క్షయ మందులు మామూలుగా ఆరు నెలలు. రెండు నెలలకు ఒళ్లు తేలికైందని ఆపితే జబ్బు మొండిదవుతుంది. వైద్యం జరిగినన్నాళ్లూ తిండి కోసం ప్రభుత్వం నెలకు 500 రూపాయలు ఇచ్చేది, 2024 నవంబరు నుంచి 1000 చేసింది. బ్యాంకు ఖాతా వివరాలు ఆసుపత్రిలో రాయించుకున్నారో లేదో సంఘం తరఫున అడగండి.

చివరిగా ఒక విన్నపం. రోగి గురించి అందరూ అడుగుతారు, చూసుకునే ఆడమనిషి గురించి ఎవరూ అడగరు. ఆమెకు నిద్ర ఉండదు, నడుం నొప్పి ఉంటుంది, కూలికి పోలేదు. సంఘం మీటింగుకు రాలేక ఫైను కూడా కడుతుంది. అక్కలారా, ఆమెకు ఫైను వేయొద్దు. మీటింగు అయ్యాక ఇద్దరు ఆమె ఇంటికి పోండి. ఒకరు రోగి దగ్గర కూర్చుంటే ఆమె గంటసేపు కళ్లు మూసుకుంటుంది. పొదుపు తీర్మానాల పక్కన ఈ తీర్మానం కూడా రాసుకోండి. ప్రతి మీటింగులో పది నిమిషాలు, "మన ఊళ్లో ఎవరు మంచాన ఉన్నారు, వాళ్లను ఎవరు చూస్తున్నారు" అని అడగండి. ఆ పేర్లు పుస్తకంలో రాసి ఆశా కార్యకర్తకు, ఏఎన్ఎంకు ఇవ్వండి.

మా పిల్లలు మీ ఊళ్లకు వచ్చినప్పుడు వాళ్లకూ నేర్పండి. మంచం పక్కన మీరు గడిపిన రాత్రుల్లో ఉన్న చదువు మా పుస్తకాల్లో ఇంకా పూర్తిగా ఎక్కలేదు.