ఆపరేషన్‌కు ముందే కాలికి బలం



ఒకామెకు మోకాలి కీలు బాగా అరిగింది. కీలు మార్చాలని డాక్టరు చెప్పారు. ఆపరేషన్‌కు ఇంకా నెల ఉంది. "అప్పటిదాకా కాలు కదపకు, పడుకో" అంటారు ఇంట్లోవాళ్ళు. అది ప్రేమే. కానీ కాలికి మంచిది కాదు.

ఎందుకని? కదలకపోతే తొడ కండ సన్నబడుతుంది. డాక్టరు మార్చేది కీలునే. కండకు బలం ఆమే తెచ్చుకోవాలి. ఆపరేషన్ అయిన రోజో, మర్నాడో లేపి నడిపిస్తారు. అప్పుడు ఒంటి బరువు మోయడానికి ఆ కండే ఆసరా.

ఏం చేయాలి? మంచం మీద కాళ్ళు చాపాలి. తువ్వాలు చుట్టి మోకాలి కింద పెట్టాలి. మోకాలితో దాన్ని కిందికి నొక్కాలి. 5 లెక్కపెట్టి వదలాలి. ఇలా 10 సార్లు చేయాలి. పాదాలు పైకీ కిందికీ ఆడించాలి. గోడకు ఆనించిన కుర్చీలోంచి మెల్లగా లేవాలి, మెల్లగా కూర్చోవాలి. ఊపిరి బిగపట్టకూడదు.

కండ కాస్త లాగితే భయం లేదు. నొప్పి, వాపు పెరిగినా, ఛాతీలో నొప్పి వచ్చినా, ఆయాసం వచ్చినా వెంటనే ఆపాలి. డాక్టరుకు చెప్పాలి. ఏ వ్యాయామం ఎంత చేయాలో ముందే అడగాలి.

రోజూ కాసేపు ఆమెకు తీరిక ఇవ్వండి. ఆ పూట అంట్లు ఇంకొకరు తోమవచ్చు. ఆమె కాలికి బలం మాత్రం ఇంకొకరు తేలేరు.