ఖాళీ లారీకి దారి

వై.ఎన్.హొసకోటలో జీవితమంతా కిరాణా అంగడి నడిపిన ఒక పెద్దాయన జ్ఞాపకార్థం మనమిక్కడ కలిశాం. లారీ బాడుగ మాట్లాడేటప్పుడు ఆయన ముందుగా అడిగేది ఒక్కటే: "వచ్చేటప్పుడు ఏం నింపుకొస్తావప్పా?" ఆ ప్రశ్న లోతు నాకు 2020లో తెలిసింది.

హొసకోట ఉన్న మన పావగడ తాలూకా కర్ణాటకదే అయినా, దానికి మూడు దిక్కులా ఆంధ్రే. తుమకూరు మన జిల్లా కేంద్రమే అయినా, సూటిగా పోవాలంటే మడకశిర వైపు ఆంధ్ర నేల దాటాలి. ఇంట్లో తెలుగు, కచేరీలో కన్నడ. కళ్యాణదుర్గం పోయొచ్చేటప్పుడు రాష్ట్రం మారామని ఎవరికీ గుర్తుండదు. ఆ ఏడు మార్చి 25న కరోనా లాక్‌డౌన్ మొదలయ్యాక ఆ ఎల్ల ప్రతి డ్రైవరుకూ గుర్తొచ్చింది.

కాగితం మీద తిండి సరుకును ఎవరూ ఆపలేదు. మార్చి 24 నాటి కేంద్ర ఉత్తర్వులోనే నిత్యావసరాలకు మినహాయింపు ఉంది. 29న నిత్యావసరం, కానిది అన్న తేడా కూడా తీసేశారు. అది మంచి నిర్ణయం. పాలు నిత్యావసరమైతే పాల కవరు కాదా? బియ్యానికి గోనెసంచి అక్కర్లేదా? అయినా లారీలు నిలిచిపోయాయి. ఉల్లిగడ్డలు దించి వెనక్కి వచ్చే బండిలో చూపించడానికి సరుకేదీ? దారిలో డాబా లేదు, పంక్చరు అంగడి లేదు. హమాలీలు ఊళ్లకు పోయారు. తిరిగి రాగలనో లేదో తెలియని డ్రైవరు బయలుదేరనే బయలుదేరడు. మన అంగట్లో కందిపప్పు నిండుకోవడానికి పంట కారణం కాదు. ఏప్రిల్ 15 మార్గదర్శకాల్లో ఇదంతా విడమరచి రాశారు: ఇద్దరు డ్రైవర్లు, ఒక సహాయకుడు ఉండొచ్చు, ఖాళీ బండీ పోవచ్చు, హైవే మీద డాబాలు, లారీ రిపేరు షాపులు తెరవొచ్చు. ఈ వాక్యాలు మొదటి రోజే రాసి ఉండాల్సిందని నా గట్టి నమ్మకం.

బండ్ల వెంట రోగం వస్తుందన్న అధికారుల భయం ఉత్తదేం కాదు. 1898లో ప్లేగు బెంగళూరుకు రైలు దారినే వచ్చింది. చెన్నై కోయంబేడు మార్కెట్టుకు పోయొచ్చినవాళ్ల వెంట 2020లో చిత్తూరు, నెల్లూరు జిల్లాలకు కరోనా చేరింది. మే 5న ఆ మార్కెట్టు మూశారు. కూరగాయల అంగళ్లు అక్కడ మళ్లీ తెరిచేసరికి సెప్టెంబరు 28. సరుకు వచ్చే దారే రోగం వచ్చే దారి. అందుకే డ్రైవరుకు పరీక్ష, కడుక్కోవడానికి నీళ్లు, పడుకోవడానికి చోటు ముందుగా ఏర్పాటు చేయాలి. అతన్ని అనుమానించి ఎండలో నిలబెట్టడం వల్ల రోగం ఆగదు.

అదే సెప్టెంబరు 9న మన పక్కనున్న అనంతపురం నుంచి ఢిల్లీ ఆదర్శ్‌నగర్‌కు దక్షిణాదిలో మొదటి కిసాన్ రైలు 332 టన్నుల పండ్లు, కూరగాయలతో బయలుదేరింది. చీనీ రైతుకు అది పెద్ద ఊరట. అయితే తోట నుంచి స్టేషను దాకా కాయ రావాలన్నా, హొసకోట అంగడికి పప్పు చేరాలన్నా మళ్లీ లారీయే కావాలి.

ఈ వేదిక నుంచి నేను కోరేది చిన్నది. పావగడ, మడకశిర, కళ్యాణదుర్గం అధికారులు ఒకచోట కూర్చుని, ఎల్లకు రెండు పక్కలా చెల్లే ఒకే పాసు నమూనా ఇప్పుడే రాసి పెట్టుకోవాలి. దాని మీద సరుకు పేరు రాసేచోట "ఖాళీ" అని రాయడానికీ ఒక గడి ఉండాలి.