అరవై అడుగుల లోతున ఒక ఆఫీసు

(సంఘ వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



డి.ఎ. బకాయిల గురించీ, హెల్త్ కార్డుల గురించీ నాకు ముందు మాట్లాడినవారు సవివరంగా చెప్పారు. నన్ను మాత్రం కార్యదర్శిగారు వేరే ఏదైనా చెప్పమన్నారు. 2025 మే నెలలో మన వాయుసేన అధికారులు పత్రికలవారితో మాట్లాడినప్పుడు వాయు రక్షణ కమాండ్ కేంద్రం అనే మాట టీవీలో విన్నాం. అసలక్కడ కూర్చుని ఏం చేస్తారండీ అని మనవాళ్ళు కొందరు నన్నడిగారు. మన కేంద్రాల లోపలి సంగతులు బయటికి చెప్పేవి కావు. అయితే ఇలాంటి కేంద్రాలకు తాతగారి వంటిది ఒకటుంది. దాని గుట్టు బయటపడి చాలాకాలమైంది. అది 1940లో జర్మనీ విమానాలు బ్రిటన్ మీద పడ్డప్పుడు పనిచేసిన కేంద్రం. లండన్‌కు పడమరగా అక్స్‌బ్రిడ్జ్‌లో, నేలకు 60 అడుగుల కింద ఉంది. 76 మెట్లు దిగాలి. ఇప్పుడది మ్యూజియం. నేను వెళ్ళి చూడలేదు, చదివినదే చెబుతున్నాను. మోకాళ్ళ సంగతి మీకు తెలిసిందే కదా!

ముందు ఇబ్బంది ఏమిటో చూడండి. ఫ్రాన్స్‌కూ ఇంగ్లండ్‌కూ మధ్య సముద్రం ఇరుకైన చోట 33 కిలోమీటర్లే. ఆనాటి బాంబర్లకు అది ఆరేడు నిమిషాల పని. ఎదుర్కోవలసిన ఫైటర్ దళం నేల మీద నుంచి లేచి 20 వేల అడుగులు ఎక్కడానికి పావుగంట దరిదాపు పడుతుంది. పోనీ, ఎప్పుడూ గాలిలోనే ఉంచుదామంటే పెట్రోలు అయిపోతుంది, పైలట్లు అలసిపోతారు. కబురు వచ్చేదాకా నేల మీదే ఉండాలి, కబురు ఆలస్యమైతే పుణ్యకాలం కాస్తా గడిచిపోతుంది. అందుచేత సగం యుద్ధం కబురు ప్రయాణంలోనే ఉంది.

ఫైటర్ కమాండ్ అధిపతి హ్యూ డౌడింగ్ 1936 నుంచీ ఈ ఏర్పాటు మీదే కూర్చున్నాడు. తీరం వెంబడి రాడార్ స్తంభాలు నిలబెట్టారు. శత్రు విమానాలు ఫ్రాన్స్ మీద గుమిగూడుతున్నప్పుడే వాటికి కనిపించేవి. కానీ అవి సముద్రం వైపే చూడగలవు. విమానం తీరం దాటిందంటే ఇక మనుషులే దిక్కు. అబ్జర్వర్ కోర్ అనే స్వచ్ఛంద దళంవారు మిద్దెల మీద, గుట్టల మీద బైనాక్యులర్లూ టెలిఫోనూ పెట్టుకుని రాత్రింబవళ్ళు ఆకాశం చూసేవారు.

ఇక్కడ మన తపాలు సెక్షన్ వారికి బాగా అర్థమయ్యే చిక్కు ఒకటుంది. ఒకే దాడిని మూడు రాడార్ కేంద్రాలు చూసి మూడు చోట్లు చెబుతాయి. వాటిని అలాగే పైకి పంపితే ఒక దాడి మూడు దాడులవుతుంది, ముగ్గురి మీదికి ముప్ఫై మందిని పంపవలసి వస్తుంది. అందుకని రాడార్ కబుర్లన్నీ ముందు బెంట్లీ ప్రయరీ అనే ప్రధాన కార్యాలయంలోని వడపోత గదికి చేరేవి. అక్కడ సరిపోల్చి, ఇది ఒకటే దాడి అని తేల్చి ఒక నంబరు ఇచ్చేవారు. ఆ తరువాతే గ్రూపు కార్యాలయానికీ, దాని కింది సెక్టార్లకూ ఏకకాలంలో వెళ్ళేది. ఒక కరెంటుకు ఒకే నంబరు! మనం ఇన్‌వార్డులో పాటించిన నియమమే.

ఇక అక్స్‌బ్రిడ్జ్ గదిలోకి వద్దాం. ఆగ్నేయ ఇంగ్లండ్‌ను, లండన్‌ను కాపాడే 11వ గ్రూపు కేంద్రమది. అధిపతి కీత్ పార్క్, న్యూజిలాండ్ వాడు. నడుమ పెద్ద బల్ల, దాని మీద గళ్ళు గీసిన పటం. చుట్టూ మహిళా సహాయ వాయుదళానికి చెందిన అమ్మాయిలు, చాలామంది ఇరవై ఏళ్ళ వాళ్ళు. చెవులకు హెడ్‌ఫోన్లు, చేతిలో పొడుగు కర్రలు. కబురు రాగానే చిన్న చెక్క దిమ్మను పటం మీద ఆ గడిలోకి తోస్తారు. దాని మీద దాడి నంబరు, శత్రువా మిత్రుడా, ఎన్ని విమానాలు, ఎంత ఎత్తు అన్నీ ఉంటాయి.

గోడ గడియారం చూడండి, అసలు తెలివంతా అందులో ఉంది. ప్రతి ఐదు నిమిషాల భాగానికీ ఎరుపు, పసుపు, నీలం రంగులు వరసగా వేసి ఉంటాయి. కబురు వచ్చినప్పుడు ముల్లు ఏ రంగు మీద ఉంటే ఆ రంగు బాణాన్నే పటం మీద పెట్టాలి. ఆ రంగు మళ్ళీ తిరిగి వచ్చేలోగా పాత బాణాలు తీసెయ్యాలి. పైన కూర్చున్న అధికారి ఎవరినీ అడగనక్కరలేదు, రంగు చూస్తే కబురు వయసు తెలుస్తుంది. నా ఉద్యోగపు తొలిరోజుల్లో ఒక తుపాను కంట్రోల్ రూములో రాత్రి డ్యూటీ చేశాను. ఏ ఊరో చెప్పను. ఒకే గ్రామం గురించి మూడు వైర్‌లెస్ కాగితాలు బల్ల మీద ఉన్నాయి. ఒకటి నీళ్ళు పెరుగుతున్నాయని, ఒకటి తగ్గాయని, మూడోది పడవలు పంపమని. ఏ కాగితం మీదా వచ్చిన టైము వెయ్యలేదు. పడవలు ఎటు పంపాలో తేలేసరికి తెల్లవారింది. ఈ గడియారం గురించి చదివినప్పుడు ఆ బల్లే జ్ఞాపకం వచ్చింది.

ఎదురుగా దీపాల బోర్డు. ఏ దళం విశ్రాంతిలో ఉంది, ఏది ఐదు నిమిషాల్లో లేవగలదు, ఏది కాక్‌పిట్‌లో కూర్చుని రెండు నిమిషాల్లో లేస్తుంది, ఏది శత్రువును చూసింది, అన్నీ దీపాలే చెబుతాయి.

నాకు అన్నిటికంటే నచ్చింది అధికారాల పంపకం. డౌడింగ్ ఒక గ్రూపుకు మరో గ్రూపు సాయం చెయ్యాలా అన్నది చూసేవాడు. ఏ దళం ఎప్పుడు లేవాలో గ్రూపు తేల్చేది. లేచిన దళానికి ఎటు, ఎంత ఎత్తుకు పోవాలో సెక్టార్ అధికారి రేడియోలో చెప్పేవాడు. శత్రువు కంటబడగానే ఇక గాలిలో ఉన్న నాయకుడిదే మాట. పైవాడు కిందివాడి ఫైలు లాక్కోలేదు. దీన్ని ఎన్ని ఆఫీసుల్లో చూశామో మీరే చెప్పాలి.

1940 సెప్టెంబరు 15న ప్రధాని చర్చిల్ ఆ గదికి వచ్చి కూర్చున్నాడు. చూస్తూండగానే బోర్డు మీద దళాలన్నీ పోరాటంలో ఉన్నట్టు దీపాలు వెలిగాయి. ఇంకా రిజర్వు ఎంత ఉందని అడిగితే, ఏమీ లేదని పార్క్ జవాబు. ఆ సాయంత్రం 185 శత్రు విమానాలు కూల్చామని ప్రకటించారు. యుద్ధం తరువాత జర్మన్ రికార్డులు చూస్తే 60 దరిదాపే! ఒకే విమానాన్ని ఇద్దరు ముగ్గురు పైలట్లు తమ ఖాతాలో వేసుకున్నారు. వచ్చే దాడులకు వడపోత గది ఉంది గాని, ఈ లెక్కకు అంత గట్టి వడపోత లేదన్నమాట.

లోపమూ ఉంది. గ్రూపు గది భూమిలో భద్రంగా ఉన్నా, సెక్టార్ల గదులు నేల మీదే ఉండేవి. సెప్టెంబరు 1న బిగ్గిన్ హిల్ సెక్టార్ గది మీద బాంబు పడేదాకా హెలెన్ టర్నర్, ఎల్స్‌పెత్ హెండర్సన్ అనే ఇద్దరు మహిళలు టెలిఫోన్ వదలలేదు. ఇద్దరికీ మిలిటరీ మెడల్ ఇచ్చారు. కెన్లీ సెక్టార్ వాళ్ళు తరువాత ఒక మాంసం దుకాణంలో బల్ల వేసుకుని పనిచేశారు. ఆ గదుల విలువ జర్మన్లకు అంతు పట్టలేదు గాని, పట్టుబట్టి వాటినే కొట్టి ఉంటే కథ వేరుగా ఉండేదని నా అభిప్రాయం.

మరి డౌడింగ్ ఏమయ్యాడు? చిన్న దళాలు కాదు, పెద్ద గుంపులుగా పంపాలని పక్క గ్రూపు అధిపతి లీ-మాలరీ వాదం. పెద్ద గుంపు కూడేసరికి బాంబులు పడిపోతాయని పార్క్ వాదం. ఆ తగవు పైదాకా వెళ్ళింది. 1940 నవంబరులో డౌడింగ్‌ను తప్పించారు, డిసెంబరులో పార్క్‌ను శిక్షణ విభాగానికి బదిలీ చేశారు. 1941లో వాయు మంత్రిత్వ శాఖ ఆ యుద్ధం మీద ఒక చిన్న పుస్తకం వేసింది. అందులో డౌడింగ్ పేరే లేదు! చర్చిల్‌కు కోపం వచ్చిందట. పార్క్‌ను మాత్రం 1942లో మాల్టా దీవి కాపాడమని పంపారు. అక్కడా ఆయన చిన్న దళాలనే, ముందుగానే, సముద్రం మీదికి పంపాడు.

భోజనాలు చల్లారుతున్నాయని వెనక నుంచి సైగ వస్తోంది. సెలవు.