ఒంటి వాల్వు రేడియోలో వాల్వు మార్చుట

ఇంటిలో కూర్చుకొన్న ఒంటి వాల్వు రేడియో పిల్లల ఆటవస్తువని తలచువారు కలరు. ఆ తలంపు సరికాదు. 1912లో అమెరికాలోని కొలంబియా విశ్వవిద్యాలయ విద్యార్థి ఎడ్విన్ ఆర్మ్‌స్ట్రాంగ్ కనిపెట్టిన రీజనరేటివ్ పద్ధతి ఒక్క వాల్వుచేతనే రెండు మూడు వాల్వుల పని చేయించినది. ప్లేటు వద్ద బలపడిన సంకేతములో కొంతభాగమును, పక్కనే చుట్టిన చిన్న తీగచుట్ట ద్వారా మరల గ్రిడ్డునకు అందించుటే ఇందలి కీలకము. ఉయ్యాల వెనుకకు వచ్చిన అదను చూచి తట్టినకొలది ఊపు పెరుగును గదా!

ఇట్టి సెట్టులో వాల్వు కాలిపోయినచో అదే నంబరు దొరకుట నేడు అరుదు. 1960 దశకములో బెంగుళూరులోని భారత్ ఎలక్ట్రానిక్స్ సంస్థ రేడియో వాల్వులను తయారుచేసెను. ఆ కాలము గడచినది. కొలిమిగుండ్ల వంటి ఊళ్లలో పాత సెట్టును బ్రతికించుకొనదలచినవారు దొరికిన వాల్వుతో సర్దుకొనవలసినదే.

మొట్టమొదట చూడవలసినది ఫిలమెంటు. బ్యాటరీ సెట్టులలో వాడిన డి.ఎఫ్. 91, డి.ఎఫ్. 96 వాల్వులు రెండింటికిని కాళ్ల అమరిక ఒక్కటే, వోల్టేజి 1.4 మాత్రమే. కాని మొదటిది 50 మిల్లీ ఆంపియర్లు, రెండవది 25 మాత్రమే తీసుకొనును. ఒంటి వాల్వు సెట్టులో ఈ మార్పు మేలే, బ్యాటరీ ఎక్కువ దినములు వచ్చును. ఫిలమెంట్లను వరుసగా ఒకదాని వెంట ఒకటి కలిపిన సెట్టులో మాత్రము డి.ఎఫ్. 96ను పెట్టరాదు. 50 మిల్లీ ఆంపియర్ల ప్రవాహమునకు దాని సన్నని తీగ నిలువదు.

కరెంటుతో నడచు సెట్టులలో ఇ.సి.సి. 82 స్థానమున ఇ.సి.సి. 83 పెట్టవచ్చును, సాకెట్టు మార్చనక్కరలేదు. మొదటిదాని వృద్ధి గుణకము 20కి లోపు, రెండవదానిది 100. ఈ అంకె చూచి మురిసిపోవువారు పలువురు. అయితే ఇ.సి.సి. 83 ప్లేటు నిరోధము మిక్కిలి ఎక్కువ. రెండువేల ఓముల హెడ్‌ఫోనును నేరుగా ప్లేటునకు తగిలించినచో ఆ గుణకమంతయు లోపలనే అణగిపోవును. నా మట్టుకు నేను హెడ్‌ఫోనునకు ఇ.సి.సి. 82నే కోరుకొందును. ఇక ఇ.సి.సి. 88 కూడ అదే సాకెట్టులో కూర్చుండును గాని దాని హీటరు 4, 5 కాళ్ల మధ్యనే ఉన్నది. 4, 5 కాళ్లను కలిపి 9వ కాలికి 6.3 వోల్టులిచ్చిన సెట్టులో అది వెలుగనే వెలుగదు; 4, 5 నడుమ 12.6 వోల్టులిచ్చిన సెట్టులోనైతే కాలిపోవును. సాకెట్టు సరిపోయినంత మాత్రమున వాల్వు సరిపోయినట్లు కాదు.

మార్చిన పిదప స్టేషను పాత గుర్తు వద్ద దొరకకపోవచ్చును. కారణము చిన్నదే. 1963లో నెలకొన్న కడప కేంద్రపు 900 కిలోహెర్ట్జ్‌లను పట్టుటకు, 200 మైక్రోహెన్రీల చుట్టకు సుమారు 156 పికోఫారడ్లు కావలయును. క్రొత్త వాల్వు లోపలి ధారణ పాతదానికంటె 3 పికోఫారడ్లు ఎక్కువైనచో శ్రుతి దాదాపు 9 కిలోహెర్ట్జ్‌లు తగ్గును. మధ్యతరంగములో ఒక స్టేషనునకు మరియొక స్టేషనునకు నడుమ ఎడము సరిగా అంతే! డయలును కొంచెము త్రిప్పుడు, చుట్టను విప్పకుడు. పాత వాల్వుతో పలికిన సెట్టులో చుట్ట దిశ సరియైనదే గనుక దాని కొనలను తారుమారు చేయుటయు వలదు.

క్రొత్త వాల్వు చురుకైనదైనచో సెట్టు ముందుగానే ఈల వేయును. ఈల వేయు సెట్టు ఏరియలు ద్వారా తానే ప్రసారము చేయుచు ఇరుగుపొరుగు రేడియోలను చెడగొట్టును. కావున రీజనరేషను మీటను పూర్తిగా తగ్గించి, మెల్లగా పెంచి, ఈలకు కొంచెము ఇవతల నిలుపవలెను. అచ్చటనే శబ్దము స్పష్టము.

కొలిమిగుండ్లలో మరి రెండు సంగతులు. కొద్ది లోతుననే నాపరాయి తగులు చోట ఎర్తు కడ్డీ దిగదు. బావి అడుగు బురదలో రాగి రేకును పాతి తీగ తెచ్చుకొనుట సులభము. రాతికోత ధూళి సాకెట్టులో చేరి గరగరలు పుట్టించును. క్రొత్త వాల్వును నిందించుటకు ముందు కాళ్లను తుడువుడు. ఏ పని చేసినను ప్లగ్గు తీసి, ఫిల్టరు కండెన్సరులో నిలిచిన విద్యుత్తును ఒక నిరోధకము ద్వారా ఖాళీ చేసిన పిమ్మటనే చేయి పెట్టవలెను. ప్లగ్గు తీసిన తరువాత కూడ అది ప్రాణాపాయమైన దెబ్బ కొట్టగలదు.