తుపాకీ పేలితేనే కెమెరా వస్తుందా?



2018 సెప్టెంబరు 23న డుంబ్రిగుడ మండలం లివిటిపుట్టు దగ్గర అరకు ఎమ్మెల్యే కిడారి సర్వేశ్వరరావుని, మాజీ ఎమ్మెల్యే సివేరి సోమని మావోయిస్టులు కాల్చి చంపారు. ఇద్దరూ ఆదివాసీలే. తుపాకీ మోత ఆ కొండ దాటలేదు. భయాన్ని ఇంటింటికీ మోసింది టీవీ. చంపినోళ్లకి కావలసిందీ అదే కదా! 2019లో క్రైస్ట్‌చర్చ్ మసీదుల్లో 51 మందిని చంపినవాడి పేరే పలకనన్నారు అప్పటి న్యూజిలాండ్ ప్రధాని ఆర్డెర్న్. మన చానెళ్లకి అంత ఓపికేదీ?

వార్త వద్దనడం లేదు నేను. మన పక్కనున్న సోంపేటనే చూడండి. బీల భూముల కోసం జనం నెలల తరబడి నిరాహార దీక్షల్లో కూర్చున్నారు. దేశం ఇటు తిరిగి చూసింది మాత్రం 2010 జూలై 14న పోలీసు కాల్పుల్లో మనుషులు పోయాకే. దీక్షకి రాని కెమెరా నెత్తురుకి వస్తే, ‘శాంతంగా అడిగితే ఎవడు వింటాడు’ అని అడవిలో చెప్పేవాళ్ల మాటే మన కుర్రోళ్లకి నిజమనిపించదా?